చేయి తిరిగిన పుస్తకం

లాంగార్మ్ మిషన్ మీద క్విల్ట్ కుట్టడం గురించి తెలుగులో పుస్తకం వస్తుందని నేను అనుకోలేదు. అమెరికాలో ఈ విద్య నేర్చిన మన ఆడవాళ్లలో దాన్ని తెలుగులో చెప్పాలని ఒకరికి తోచడమే నాకు పెద్ద సంతోషం. రచయిత్రి నన్ను పిన్నీ అంటుంది. ఆ చనువుతోనే ముందుమాట అడిగింది. రాతప్రతి చదివాక, తను అడక్కపోయినా రాసేదాన్నే అనిపించింది.

ఇంట్లో మిషన్ మీద గుడ్డను సూది కిందకు నెడతాం. లాంగార్మ్‌లో పైగుడ్డ, దూది పొర, అడుగుగుడ్డ మూడూ చట్రానికి బిగించి ఉంటాయి. పిడులు పట్టుకుని మిషన్‌నే పట్టాల మీద నడిపిస్తాం. మోటారు ఒకే వేగంతో తిరుగుతుంటే, చెయ్యి జోరందుకున్నచోట కుట్లు సాగిపోతాయి, తటపటాయించినచోట కిక్కిరిసిపోతాయి. స్టిచ్ రెగ్యులేటర్ పని అక్కడే. మిషన్ అడ్డంగా ఎంత జరిగిందో, నిలువుగా ఎంత జరిగిందో సెన్సర్లు లెక్కగడితే, ఆ లెక్క ప్రకారం సూది ఆడుతుంది. అంగుళానికి 10 కుట్లు పెట్టుకుని సెకనుకు అంగుళం చొప్పున నడిపితే సూది నిమిషానికి 600 సార్లు దిగుతుంది. చెయ్యి వేగం రెట్టింపైతే 1,200 సార్లు.

రెగ్యులేటర్ వాడటం దొంగదారి అనేవాళ్లు ఉన్నారు. క్విల్టింగ్‌లో ఈ పేచీ పాతదే. 1989లో కెంటకీ రాష్ట్రంలోని పడూకా క్విల్ట్ ప్రదర్శనలో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ క్విల్ట్‌కు అగ్రబహుమతి వచ్చింది. మిషన్ మీద క్విల్టింగ్ చేసినదానికి అక్కడ ఆ గౌరవం దక్కడం అదే మొదలు. చేతికుట్టు అభిమానులు నొచ్చుకున్నారు. అయినా మిషన్ నిలబడింది. రెగ్యులేటర్ గురించీ నా మాట అంతే. కుట్టు పొడవు అది చూసుకుంటుంది. ఈక వంపు ఎంత నిండుగా రావాలి, తీగ ఎక్కడ మళ్లాలి, ఎక్కడ ఖాళీ వదలాలి అన్నవి కుట్టేవాళ్లకే తెలియాలి. ఈ పుస్తకం ఎక్కువ పేజీలు ఆ సాధనకే ఇచ్చింది.

ఆకు డిజైన్ కొస గురించి రాసిన భాగం చూడండి. రెగ్యులేటర్‌లో చెయ్యి ఆగగానే సూదీ ఆగే పద్ధతి పెట్టుకుని, కొస దగ్గర నిదానించి, సూది సరిగ్గా మొన మీద దిగాకే మళ్లమంటుంది. చెయ్యి ఆగినా సూది మెల్లగా ఆడుతూనే ఉండే పద్ధతి పెద్ద వంపులకు హాయి. కొస దగ్గర తటపటాయించారా, కుట్లన్నీ ఒకేచోట ముడిలా పేరుకుంటాయి. అడ్డంగా నడిపినప్పుడు మాత్రమే కుట్లు పొడుగవుతుంటే, ఆ వైపు సెన్సర్ చక్రం సరిగా ఆనుతోందా, దారప్పోగు చుట్టుకుందా చూడమంది. చట్రం ముందు కాళ్లు పీకేదాకా నిలబడినవాళ్లే ఇలాంటి సలహా ఇవ్వగలరు.

ఒక్కచోట మాత్రం నాకూ తనకూ కుదరలేదు. రెగ్యులేటర్ ఆపేసి కుట్టే సాధనను చివరి అధ్యాయంలో పెట్టింది. నేనైతే మొదట్లోనే చేయిస్తాను. మోటారు చప్పుడు వింటూ దానికి తగ్గట్టు చెయ్యి నడపడం ముందే అలవాటైతే, తర్వాత రెగ్యులేటర్ ఉన్నా చెయ్యి బెదరదు, పరుగెత్తదు. గులకరాళ్లలా చిన్న చిన్న గుండ్రాలు దగ్గరదగ్గరగా నింపేటప్పుడు అనుభవజ్ఞులు చాలామంది దాన్ని ఆపేసే కుడతారు కూడా. మలి ముద్రణలో ఆ అధ్యాయం ముందుకు జరుపుతానని మాటిచ్చింది. అందాకా మీరు దాన్ని రెండో అధ్యాయంగా చదువుకోండి.