43 డిగ్రీల ఎండలో ఒక నిశ్శబ్దం

మే నెలలో సిద్దిపేటలో మధ్యాహ్నం రెండు దాటితే నీడన కూడా గాలి 43 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ వేళ కోమటి చెరువు కట్ట మీద మనిషి జాడ ఉండదు. ఇళ్లలో కూలర్లు హోరెత్తుతుంటాయి. అదే వేళ ఏదో ఒక గదిలో, బల్ల మీద, పదహారు మిల్లీమీటర్లు కూడా మందం లేని ల్యాప్‌టాప్ ఒకటి పెళ్లి వీడియో పనిలోనో, ఇంజనీరింగ్ చదివే పిల్ల రాసుకున్న ప్రోగ్రామ్‌లోనో మునిగి ఉంటుంది. దాని కడుపులో బొటనవేలి గోరంత సిలికాన్ ముక్క 90 డిగ్రీలు దాటి ఉడుకుతోంది. దాని మీద చేతులుంచి పనిచేసే మనిషికి తగిలేది గోరువెచ్చదనం. వినిపించేది సన్నటి గాలి సవ్వడి. ఆ ఉడుకుకీ ఈ వేళ్లకీ మధ్య ఉన్నది సెంటీమీటరు దూరం. ఆ సెంటీమీటరులో జరిగేదాన్ని యంత్రశాస్త్రం అని చెప్పి వదిలేయడానికి నాకు మనసొప్పదు. అదొక రచన. దానికి నడక ఉంది, విరామం ఉంది, రసం ఉంది.

పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. ఎక్కడ ఎంత కావాలో అక్కడ అంత. సన్నని ల్యాప్‌టాప్‌ను చూసినప్పుడల్లా నాకు ఆయన సిద్ధాంతమే గుర్తుకొస్తుంది. పెద్ద డబ్బా కంప్యూటర్‌కు చోటు ఉంది, బరువైన రాగి దిమ్మ ఉంది, అరచేతి కన్నా పెద్ద ఫ్యాన్ ఉంది. అది వేడిని బలంతో గెలుస్తుంది. సన్నని యంత్రానికి ఆ బలం లేదు కనుక ఔచిత్యంతోనే నెట్టుకు రావాలి. వేడి, చప్పుడు, వేగం, ఈ మూడింటిలో ఏ రెండింటిని పట్టుకున్నా మూడోది చేయి జారుతుంది. మూడింటినీ ఒక పొందికలో ఉంచడమే అక్కడి విద్య.

ఆ విద్యకు అసలు పరీక్ష మన ఊళ్లోనే. వేడి ప్రవహించేది తేడాను బట్టి. చాలా ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీలు. చల్లని గదిలో, 25 డిగ్రీల గాలిలో, ఆ హద్దుకూ గాలికీ మధ్య 75 డిగ్రీల వాలు ఉంటుంది. సిద్దిపేట మే నెల గాలిలో మిగిలేది 57. అదే రాగి, అదే ఫ్యాన్, అయినా బయటికి తోయగలిగే వేడిలో దాదాపు నాలుగో వంతు కోత పడుతుంది. చల్లని గదిలో తీసిన కొలతలతో గొప్పగా నిలిచిన యంత్రం రాజీవ్ రహదారి మీదుగా ఇక్కడికి చేరేసరికి ఆ మేరకు బలం పోగొట్టుకుని వస్తుందన్నమాట. మిగిలిన ముప్పాతిక బలంతో అది ఎలా నడుచుకుంటుందన్నదే నాకు ఆసక్తి. కలిమిలో ఎవరైనా హుందాగానే ఉంటారు.

ఈ రచనకు ఆధారశ్రుతి ఒక చిన్న సూత్రం. ప్రాసెసర్ పుట్టించే వేడి దాని వేగంతో పాటు పెరుగుతుంది, దానికిచ్చే వోల్టేజి వర్గంతో పాటు కూడా పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచక తప్పదు. లెక్క కట్టండి: రెండింటినీ అయిదో వంతు తగ్గిస్తే 0.8ని మూడుసార్లు హెచ్చించాలి. వచ్చేది 0.512. వేగంలో అయిదో వంతు వదులుకుంటే వేడిలో దాదాపు సగం వదిలిపోతుంది! నాకు ఈ లెక్క ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఇంత చిన్న త్యాగానికి ఇంత పెద్ద ఊరట ఇచ్చే బేరం ప్రకృతిలో అరుదు. ఒకప్పుడు ఈ బేరం అవసరం లేదనుకున్నారు. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యే కొద్దీ వాటి వోల్టేజి, విద్యుత్తు కూడా అదే పాళ్లలో తగ్గుతాయని 1974లో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపారు. మూడు దశాబ్దాలు ఆ అదృష్టం మీద పరిశ్రమ నడిచింది. 2000ల నడిమికి అది అడుగంటింది. తేజస్ అనే పేరుతో తయారవుతున్న ప్రాసెసర్‌ను ఇంటెల్ 2004లో మధ్యలోనే వదిలేసింది. వేడి గోడకు తగిలిన రోజులవి. ఆ గోడ దగ్గరే సంయమనం అనే గుణం యంత్రాలకు అబ్బింది.

ఇప్పుడు నడక సంగతి. ల్యాప్‌టాప్‌లో వేడికి మూడు కాలాలు ఉన్నాయి. సిలికాన్ ముక్క మిల్లీసెకన్లలో భగ్గుమంటుంది. దాన్ని ఆనుకున్న రాగి వేడెక్కడానికి పదుల సెకన్లు పడుతుంది. ఒళ్లంతా, అంటే అల్యూమినియం పెట్టె, వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. ద్రుతం, మధ్యమం, విలంబం ఒకేసారి నడుస్తుంటాయి. మంచి యంత్రం ఈ మూడు కాలాల మధ్య ఉన్న సందుల్లో పాడుతుంది. ఇంటెల్ కోర్ ఐ5-1335యు తీసుకోండి. పేరుకు అది 15 వాట్ల ప్రాసెసర్. కానీ కాసేపు 55 వాట్ల దాకా, 4.6 గిగాహెర్ట్జ్ దాకా ఎగరగలదు. మనం ఒక ఫైల్ తెరుస్తాం. రాగి ఇంకా చల్లగానే ఉంది. ఆ చల్లదనాన్ని పెట్టుబడిగా పెట్టి ప్రాసెసర్ ఒక్క ఊపున పని ముగించి మళ్లీ కునుకు తీస్తుంది. వేడి బయటికి వచ్చేలోగా పని అయిపోయింది. ఫ్యాన్‌కు కబురే అందలేదు. ఈ చిన్న మెరుపులో ఉన్న అందం నాకు చిట్టస్వరం విన్నప్పటి అందం. అదే మెరుపును అరగంట సాగదీయమని అడిగితే అది అనౌచిత్యం. అప్పుడు యంత్రం తగ్గాలి. తగ్గడం దాని ఓటమి అనుకునేవాళ్లను చూస్తే నాకు బాధ. సభను బట్టి శ్రుతి సరిచేసుకున్న గాయకుణ్ణి ఎవరూ ఓడాడనరు కదా.

వేడిని మోసుకెళ్లే రాగి గొట్టం గురించి ఒక మాట చెప్పి తీరాలి. చూడ్డానికి నొక్కేసిన రాగి కడ్డీలా ఉండే హీట్ పైప్ లోపల బోలు. దాని గోడలకు రాగి పొడిని కాల్చి అతికించిన పొర ఉంటుంది. లోపల గాలి తీసేసి కొద్ది చుక్కల నీళ్లు పోసి మూసేస్తారు. ఎండాకాలం మన వాకిట్లో రంజన్ చేసే పనే ఇదీ చేస్తుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని వెంట తీసుకుపోతుంది. ఒక గ్రాము నీరు సున్నా నుంచి మరిగే దాకా కాగడానికి ఎంత వేడి కావాలో, ఆవిరిగా మారడానికి దానికి అయిదు రెట్ల పైచిలుకు కావాలి. రంజన్‌లో ఆవిరి గాలిలో కలిసిపోతుంది. గొట్టంలో మాత్రం అవతలి చివర రేకుల దగ్గర చల్లబడి, మళ్లీ నీరై, ఆ రాగి పొడి సందుల్లోంచి పాకుతూ తిరిగి వస్తుంది. మోటారు లేదు, చప్పుడు లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. ఈ ఆలోచనకు 1940ల్లోనే జనరల్ మోటార్స్‌కు చెందిన రిచర్డ్ గాగ్లర్ పేటెంట్ తీసుకున్నాడు. 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ అంతరిక్షంలో వాడే పరికరాల కోసం దీన్ని మళ్లీ కనిపెట్టి నిలబెట్టాడు. అంతరిక్షానికి తయారైన ఆ మూగ పనిమంతుడు ఇప్పుడు సిద్దిపేటలో డిగ్రీ పిల్లల సంచుల్లో తిరుగుతున్నాడు.

ఇక ఫ్యాన్. రసికుడి చెవి పడేది ఇక్కడే. ఫ్యాన్ వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది. కానీ చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది, అంటే చెవికి మూడో వంతుగా వినిపిస్తుంది. తినే కరెంటు ఎనిమిదో వంతుకు దిగుతుంది. కాబట్టి నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ సగం పని చేసి కూడా మౌనంగా ఉన్నంత పేరు తెచ్చుకుంటుంది. ప్రాసెసర్‌లో కనిపించిన బేరమే ఇక్కడ ఇంకో రూపంలో కనిపిస్తుంది. తీవ్రతలో ఆఖరి మెట్టు ఎక్కడానికే ఖర్చంతా అవుతుంది, ఆ ఒక్క మెట్టు దిగితే హాయంతా దొరుకుతుంది.

చప్పుడు ఎంత అన్నది ఒక ప్రశ్న. ఎలాంటిది అన్నది అంతకన్నా లోతైన ప్రశ్న. 37 రెక్కల ఫ్యాన్ నిమిషానికి 4,800 సార్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 80 చుట్లు, 37 రెక్కలు, కలిపి 2,960 హెర్ట్జ్. మనిషి చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యే మహా చురుకు. అందుకే ఆ ఈల సూదిలా దిగుతుంది. దీనికి విరుగుడుగా రెక్కల మధ్య ఎడాన్ని సమానంగా కాక హెచ్చుతగ్గులుగా పెట్టడం నేర్చారు. 2012లో ఆపిల్ తన రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో అలాంటి ఫ్యాన్ పెట్టింది. శక్తి అంతే, చప్పుడు మొత్తం అంతే, కానీ అది ఒకే స్వరం మీద కుప్పపడకుండా అనేక స్వరాల్లోకి చెదిరిపోయి గాలి సవ్వడిగా మారుతుంది. పద్ధతిగా ఉన్నదాన్ని కావాలని చెదరగొట్టి ఇంపు పుట్టించడం! ఏ శిల్పి చేశాడన్నా నమ్మేదాన్ని, ఫ్యాన్ చేసినవాళ్లు చేశారు.

మరో సంగతి. ఎడతెగని సన్నటి చప్పుడును చెవి పది నిమిషాల్లో మరిచిపోతుంది. ఆగి ఆగి మొదలయ్యే చప్పుడును ఎన్నటికీ మరవదు. అందుకే బాగా తీర్చిన యంత్రంలో ఫ్యాన్ మొదలయ్యే వేడి ఒకటి, ఆగే వేడి ఇంకొకటి. 60 దగ్గర లేస్తే 50కి దిగేదాకా నిలకడగా తిరుగుతుంది. ఈ ఎడం పెట్టనివాళ్ల యంత్రాలు అయిదేసి సెకన్లకు ఉలిక్కిపడుతుంటాయి. ఖరీదైన వాటిలో కూడా ఈ దోషం చూశాను. లోపల రాగి ఎంత పోసినా ఈ ఒక్క లయదోషం రచనను చెడగొడుతుంది.

కరుణ రసం కూడా ఉంది ఈ పెట్టెలో. చాలామంది గమనించరు, ప్రాసెసర్ చాలాసార్లు తన కోసం తగ్గదు, మన చర్మం కోసం తగ్గుతుంది. ఏఎండీ ప్రాసెసర్లలో పెట్టె పైపొర వేడిని అంచనా వేస్తూ విద్యుత్తును సర్దే ఏర్పాటుకు పేరే స్కిన్ టెంపరేచర్ అవేర్ పవర్ మేనేజ్‌మెంట్. లోపలి ముక్క ఇంకా ఓర్చగలదు. ఒళ్లో పెట్టుకున్న మనిషి తొడ ఓర్చలేదు. కనుక యంత్రం ముందే అడుగు వెనక్కి వేస్తుంది. వాడేవాడికి తెలియకుండా వాడి కోసం తగ్గే ఈ మర్యాద నన్ను కదిలిస్తుంది.

ఇదంతా నడిపే సాఫ్ట్‌వేర్‌లోనూ రచయితలున్నారు. లైనక్స్‌లో ప్రాసెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి పెంచి దించే ఆన్‌డిమాండ్ పద్ధతిని వెంకటేశ్ పల్లిపాడి, అలెక్సీ స్టారికోవ్‌స్కీ 2006 ఒట్టావా లైనక్స్ సింపోజియంలో వివరించారు. భారం గీత దాటగానే ఒక్క అంగలో పైకి, తరవాత మెల్లగా కిందికి. ఇంటెల్ నుంచి వచ్చిన థర్మల్‌డీ అనే కాపలాదారు ప్రోగ్రామును రాసినవాడు శ్రీనివాస్ పండ్రువాడ. ఆ ఇంటిపేరు మన చెవికి ఎంత దగ్గరగా వినిపిస్తుందో! ప్రాసెసర్ హద్దు తాకి ఠక్కున కుంగిపోయేలోగా, ముందే పసిగట్టి విద్యుత్తును మెట్టు మెట్టుగా దించడం దాని పని. కుదుపు లేని అవరోహణ అది. ఇలాంటి కోడ్ రాసేవాళ్లను మనం కళాకారులుగా లెక్కించడం ఎప్పుడో మొదలుపెట్టి ఉండాల్సింది.

2020 నవంబర్‌లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు. ఆ మౌనం సంపూర్ణం, దానికి చేతులెత్తి మొక్కుతాను. అయినా మన మే నెలకు నా ఓటు మెల్లగా తిరిగే ఫ్యాన్‌కే. ఫ్యాన్ లేని యంత్రానికి ఒంటిచుట్టూ ఉన్న గాలే దిక్కు, ఆ గాలే 43 డిగ్రీలుంటే అది త్వరగా నీరసిస్తుంది. వినీ వినబడని పాటి గాలి కదలిక ఉంటే చాలు, దాని శక్తి మళ్లీ లేస్తుంది.

ఈ రచనలో సగం వాడేవాడి చేతిలో ఉంది. పరుపు మీద, దిండు మీద పెట్టకండి. కింద గాలి పీల్చే సందులు మూసుకుపోతాయి. విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 99 శాతం చేస్తే చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో, అంటే కాసేపు పైకెగిరే ఆ ఊపు, ఆగిపోతుంది. వేడీ చప్పుడూ ఒక్కసారిగా దిగివస్తాయి. మామూలు రాతపనికి తేడా తెలియదు. ఏడాదికొకసారి లోపలి దుమ్ము తీయించండి. ఫ్యాన్‌కూ రాగి రేకులకూ మధ్య దుమ్ము నమ్దాలా పేరుకుంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్క కదలకుండా వేలితో పట్టుకోమనండి, లేదంటే అది అదుపు తప్పి తిరిగి బేరింగ్ పాడవుతుంది. కూలర్ గాలి ల్యాప్‌టాప్‌కూ మేలే, తుంపర మాత్రం దాని మీద పడకూడదు.

2023 జూన్‌లో నాగులబండ దగ్గర ఐటీ టవర్ తెరిచాక సిద్దిపేటలో ల్యాప్‌టాప్‌తో బతికేవాళ్లు పెరుగుతున్నారు. కొనబోయేవాళ్లకు నా మనవి ఒక్కటే. గిగాహెర్ట్జ్ చూసి కొనకండి, మొదటి అరనిమిషం పరుగు చూసీ కొనకండి. వీలైతే ఎండాకాలంలో కొనండి. దుకాణంలో ఏసీకి దూరంగా ఉన్న బల్ల మీద పెట్టించండి. ఇరవై నిమిషాలు బరువైన పని నడిపించి, దాని పక్కనే కూర్చుని వినండి.