పేరు చెబితే వచ్చే మాడ్యూళ్లు

ఈ వారం రివ్యూకి వచ్చిన ఒక పైథాన్ కోడ్ చూసి మనసు నిండింది. రకరకాల రిపోర్టులు, ఒక్కోదానికి ఒక ఫైలు. ఏది కావాలో తేల్చడానికి పేజీ పొడవున సాగిన ఇఫ్‌లూ ఎలిఫ్‌లూ మాయమై రెండే లైన్లు మిగిలాయి. సెట్టింగ్స్‌లోని పేరును ఫోల్డర్ పేరుకు అతికి ఇంపోర్ట్_మాడ్యూల్‌కి ఇస్తే మాడ్యూల్ వస్తుంది. అందులోంచి క్లాసును దాని పేరు చెబితే గెట్‌యాటర్ తెచ్చిస్తుంది.

ఇదెంత హాయో పాత పద్ధతిలో రాసినవాళ్లకు తెలుసు. అప్పట్లో అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లున్న ఇంపోర్ట్ ఫంక్షనే దిక్కు. 'ఓఎస్.పాత్' కావాలంటే ఓఎస్‌ని చేతిలో పెట్టేది. అది బగ్ కాదు. ఇంపోర్ట్ ఓఎస్.పాత్ అని మామూలుగా రాసినా ఆ ఫైల్లో పుట్టే పేరు ఓఎస్ ఒక్కటే కదా! ఆ వాక్యం వెనక నడిచేది ఈ ఫంక్షనే కనుక మొదటి పేరునే తిరిగిస్తుంది. చివరిది కావాలంటే ఫ్రమ్‌లిస్ట్‌లో ఏదో ఒక పేరు పెట్టాలి, లేదా సిస్.మాడ్యూల్స్‌లో పూర్తి పేరుతో వెతుక్కోవాలి. 2009లో పైథాన్ 3.1తో, ఆ ఇంపోర్ట్_మాడ్యూల్ ఉన్న ఇంపోర్ట్‌లిబ్ వచ్చి ఈ తిప్పలు తీర్చింది. బ్రెట్ కానన్ పైథాన్‌లోనే రాసిన ఆ కోడ్ మీదే 2012లో వచ్చిన 3.3 నుంచి భాషలోని ఇంపోర్ట్ అంతా నడుస్తోంది. ఇంపోర్ట్ ఎలా జరుగుతుందో తెలుసుకోవాలనుకునే ప్రతివాళ్లూ ఆ కోడ్ ఒకసారి చదవాలి.

ఇంత మెచ్చుకుని, ఆ రెండు లైన్లూ తీసేయమన్నాను.

నా పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు: ఒక పేరు ఎక్కడెక్కడ వాడారో వెతికితే దొరకాలి. ముక్కలు అతికి తయారుచేసిన పేరు ఏ వెతుకులాటకూ దొరకదు. ఫైలు పేరు మారిస్తే ఎడిటర్ హెచ్చరించదు. నెలాఖరున ఆ రిపోర్టు అడిగినప్పుడే ప్రోగ్రాం పడిపోతుంది. పైఇన్‌స్టాలర్‌తో ప్యాక్ చేసినా అలాంటి మాడ్యూళ్లను అది పసిగట్టలేదు, విడిగా చెప్పాలి. పైగా ఇంపోర్ట్ చేయడమంటే ఆ ఫైల్లోని కోడ్ నడపడమే. బయటివాళ్లు టైప్ చేసిన పేరును నేరుగా దానికి అప్పగించడం ప్రమాదం.

ఈ రిపోర్టులన్నీ మన ఫోల్డర్‌లోవే, పేర్లన్నీ మనకు తెలిసినవే. పైన మామూలు ఇంపోర్ట్‌లు, కింద పేరుకూ క్లాసుకూ జత కలిపే ఒక డిక్షనరీ చాలు. కొత్త రిపోర్టు వచ్చినప్పుడల్లా ఒక లైను చేర్చాలి, నిజమే. ఆ లైను రివ్యూలో నలుగురి కంటా పడాలనే నా కోరిక.

పేర్లతోనే మాడ్యూళ్లు తెచ్చుకునే జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ సంగతి వేరు. ఎవరు ఏ యాప్ రాస్తారో జాంగో రాసినవాళ్లకు ముందే తెలిసే వీల్లేదు కనుక సెట్టింగ్స్‌లో యాప్‌లనూ మిడిల్‌వేర్‌నూ పేర్లుగానే రాయించారు. మన రిపోర్టులూ రేపు క్లయింట్లే రాసుకుంటే అప్పుడు ప్యాకేజీలు తమ ప్లగిన్లను ప్రకటించుకునే ఎంట్రీ పాయింట్లు పెడదాం. వాటిని చదివే ఇంపోర్ట్‌లిబ్.మెటాడేటా 3.8 నుంచి పైథాన్‌తోనే వస్తోంది.