‘లేదు’, ‘దొరకలేదు’: తెలుగు పాఠశోధనలో పదవిభజన దోషాలు

ఉపోద్ఘాతం:
‘ఈ పదం ఫలానా రచయిత వాడలేదు’, ‘ఈ స్థలం కథల్లో కనిపించదు’ వంటి నిర్ణయాలకు డేటాబేసు శోధన ఆధారమవుతున్నప్పుడు, యంత్రం మన ప్రశ్నను ఎలా చదివిందన్నది కేవలం సాంకేతిక విషయం కాదు. పరిశోధన ప్రామాణికతకు సంబంధించిన విషయం. సికింద్రాబాదులోని ‘మోండా మార్కెట్’ పేరును ఉదాహరణగా తీసుకొని దీన్ని పరిశీలించవచ్చు.

మొదటి దోషం:
యూనికోడ్ హల్లులను అక్షరాలుగానూ, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నలను చిహ్నాలుగానూ వర్గీకరించింది. ఎస్‌క్యూలైట్ డేటాబేసులోని ఎఫ్‌టీఎస్5 శోధన విభాగం, అమరికలు మార్చనప్పుడు, అక్షరాలనూ అంకెలనూ మాత్రమే పదభాగాలుగా గ్రహిస్తుంది. మన చిహ్నాల దగ్గర పదాన్ని తెంచుతుంది. అందువల్ల ‘మోండా’ అక్కడ ‘మ, డ’ అవుతుంది. మేడ, మూడు, మండి కూడా ‘మ, డ’లే. ‘మార్కెట్’ ‘మ, ర, క, ట’ అవుతుంది. మోండాను వెతికితే మేడ ఎదురైనప్పుడు దోషం ఉన్నదని ఎవరికైనా తెలుస్తుంది.

రెండవ దోషం:
పట్టికను నిర్మించేటప్పుడు ‘కేటగిరీస్’ అమరికలో ‘ఎంఎన్’, ‘ఎంసీ’ వర్గాలను కూడా చేర్చితే పదం తెగదు. అయితే అప్పుడు ‘మార్కెట్’ అని వెతికితే ‘మార్కెట్లో’ రాదు. విభక్తితో కలిసి అది వేరే పదంగా నమోదవుతుంది. పొల్లు విడిగా కనిపించడానికి ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే అదృశ్య సంకేతం ఉంచి రాసిన ‘మార్కెట్‌లో’ మాత్రం వస్తుంది. ఆ సంకేతం దగ్గర పదం తెగుతుంది కనుక. అర్థం ఒకటే, విభక్తి ఒకటే. ఫలితం టైపు చేసినవారి అలవాటును బట్టి మారుతుంది. ‘మార్కెట*’ అని నక్షత్రపు గుర్తుతో వెతికితే మార్కెటు, మార్కెట్టు, మార్కెట్లో అన్నీ లభిస్తాయి. ‘మొండా’ అనే రూపాన్ని మాత్రం విడిగా వెతకాలి.

ముగింపు:
మొదటి దోషం అధిక ఫలితాలతో తనను తాను బయటపెట్టుకుంటుంది. రెండవది సరిదిద్దామనుకున్న చోట మౌనంగా ఆధారాలను దాస్తుంది; అందుకే ఇది మరింత ప్రమాదకరం. శోధనపై ఆధారపడిన సిద్ధాంతవ్యాసాలు వెతికిన పదరూపాలనూ, వాడిన అమరికలనూ పేర్కొనాలి. పాఠంలో ఉన్నదని ముందే తెలిసిన వాక్యంతో శోధనను పరీక్షించాలి. అంతవరకు ‘దొరకలేదు’ అనగలమే గాని, ‘లేదు’ అనలేము.