పుస్తకం చదవొద్దమ్మా!

నా దగ్గరికి వచ్చే తల్లుల చేతిలో బొమ్మల పుస్తకం పెట్టి "దీన్ని చదవొద్దమ్మా" అంటాను. తల్లులు నవ్వుతారు. స్పీచ్ థెరపీ అంటే నాలుకకు కసరత్తులు, అద్దం ముందు పాఠాలు అనుకుని వచ్చిన తండ్రులు మాత్రం నవ్వరు. ఈవిడకు పని వచ్చా రాదా అన్నట్టు చూస్తారు.

నెల్లూరు తీరంలో మాట ఆలస్యమైన బిడ్డను ఎవరూ నేరుగా మా దగ్గరికి తీసుకురారు. ముందు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. ఆ తర్వాత మొక్కులు. "వాళ్ళ మేనమామకు కూడా నాలుగేళ్ళకు గానీ మాట రాలా" అని ఎవరో ఒక అవ్వ తీర్పు చెప్పేస్తుంది. మైపాడు నుంచో, ఇస్కపల్లి నుంచో, రామతీర్థం నుంచో బస్సెక్కి వచ్చేసరికి బిడ్డకు మూడేళ్ళు దాటేసి ఉంటాయి. వచ్చాక నేను మొదట అడిగేది చెవి సంగతి. వినికిడి పరీక్ష కాకుండా ఏ పుస్తకమూ తెరవను. వినబడని బిడ్డకు బొమ్మలు చూపిస్తూ ఏడాది పోగొడితే ఆ ఏడాదిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

చెవి బాగుంది, చెప్పింది అర్థమవుతోంది, మాట మాత్రం రాదు. ఇలాంటి పిల్లల్లో ఈ మధ్య ఒక వింత చూస్తున్నాను. సెల్‌ఫోన్ పుణ్యమా అని ఏ నుంచి జడ్ దాకా గడగడా అప్పజెబుతారు. రెడ్, బ్లూ, ట్రయాంగిల్ అన్నీ వచ్చు. దాహమేస్తే మాత్రం అమ్మ చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కుపోతారు. "ఇంగ్లీషు అంతా వచ్చు మేడమ్, తెలుగే రాదు" అని తల్లి కొంచెం గర్వంగానే చెబుతుంది. ఆ బిడ్డకు వచ్చింది ఫోను పాడిన పాట, అంతే. మాట అంటే ఎదుటి మనిషితో పని జరుపుకోవడం. ఫోను ఎవరి కోసమూ ఆగదు, బిడ్డ ఏమంటాడా అని మొహంలోకి చూడదు. పుస్తకంలో బొమ్మ కదలదు కాబట్టి అమ్మా బిడ్డా ఎంతసేపైనా దాని దగ్గరే కూర్చోవచ్చు.

పుస్తకాన్ని చదివి వినిపించకుండా, బొమ్మల గురించి బిడ్డతో మాట్లాడే ఈ పద్ధతికి పునాది వేసింది అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం. వాళ్ళ ప్రయోగం 1988లో అచ్చయింది. రెండేళ్ళకు అటూ ఇటూగా వయసున్న పిల్లల తల్లిదండ్రుల్ని రెండు జట్లు చేశారు. రెండు జట్లూ ఇంట్లో నెల రోజులపాటు పిల్లలతో బొమ్మల పుస్తకాలు చదివి టేపులో రికార్డు చేశాయి. తేడా చదివే తీరులోనే. ఒక జట్టుకు మాత్రం బిడ్డ చేత ఎక్కువ మాట్లాడించమని, వాడు అన్నదానికి ఇంకో మాట కలిపి తిరిగి అనమని నేర్పారు. నెల తిరిగేసరికి ఆ జట్టు పిల్లలు మాట్లాడడంలో మిగతావాళ్ళకంటే నెలల తరబడి ముందున్నారు. వాళ్ళు మాట ఆలస్యమైన పిల్లలు కారు, మధ్యతరగతి ఇళ్ళవాళ్ళు. తర్వాత పేద కుటుంబాల పిల్లలతోనూ, మాట వెనకబడిన పిల్లలతోనూ ఇదే పద్ధతిని పరీక్షించి చూశారు.

అయితే "ప్రశ్నలు అడగండి" అని చెప్పామో, మనవాళ్ళ చేతిలో అది పరీక్షయిపోతుంది. "ఇదేంది? చెప్పు. ఇదేంది? నిన్న చెప్పినావు గదా!" బిడ్డ పుస్తకం మూసేస్తాడు. అందుకే నేను ప్రశ్నల్ని కాస్త పక్కనబెట్టి, వేలు పెట్టి చూపించి ఒక మాట అని ఊరుకోమంటాను. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టమంటాను. ఆ ఐదు అంకెల మౌనం పెద్దవాళ్ళకు ఎంత కష్టమో చూస్తే గానీ తెలియదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం. ఆ 61 రోజులూ మా గదికి తండ్రులు వస్తారు. అలా వచ్చిన ఒకాయన కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకుని పడవ బొమ్మ ఉన్న పేజీ తీశాడు. ఆయనకు చదువు రాదు. "వల ఇట్టనా యేసేది? ఈ బొమ్మేసినోడు సముద్రం చూసినట్టు లేదే" అని తనలో తనే గొణుక్కున్నాడు. పిల్లవాడు వల మూల మీద వేలు పెట్టి "ఎండ్ర" అన్నాడు. "ఆఁ, ఎండ్రకాయ. వల్లో పడిందే!" అని తండ్రి ఆగాడు. పిల్లవాడు కాసేపు బొమ్మను చూశాడు. ఉన్నట్టుండి తండ్రి బొటనవేలు పట్టుకుని "నాయన కరిచింది" అన్నాడు. ఆయన వేలి మీద పాత గాటు ఉంది. "అవునురా, నాయన్ని కరిచింది. ఎండ్రకాయ నాయన్ని కరిచింది."

ఆయన "తప్పు, సరిగ్గా చెప్పు" అనలేదు. బిడ్డ వదిలేసిన "ని"ని తన మాటలో చేర్చి తిరిగి వినిపించాడు. ఈ పని నేర్పడానికి మాకు డిగ్రీలో ప్రత్యేకంగా పాఠాలున్నాయి. ఆయనకు ఎవరూ నేర్పలేదు.

నా అనుభవంలో చదువుకున్న అమ్మానాన్నలకే ఇది ఆలస్యంగా పట్టుబడుతుంది. కళ్ళు అచ్చు మీదికి పోతాయి. అక్షరాల కింద వేలు పెట్టి వాక్యం పూర్తిచేసి పేజీ తిప్పేస్తారు. బిడ్డ ఇంకా మూలన ఉన్న కుక్కపిల్ల దగ్గరే ఉంటాడు. అందుకే నాకు అక్షరాలే లేని పుస్తకాలంటే ఇష్టం. మెర్సర్ మేయర్ 1969లో వేసిన కప్ప పుస్తకం అలాంటిదే. సీసాలో కప్ప రాత్రికి రాత్రే తప్పించుకుంటుంది, పిల్లవాడూ కుక్కా దాని కోసం అడవంతా గాలిస్తారు. లోపల ఒక్క మాటా ఉండదు కాబట్టి ప్రపంచంలో ఎన్నో భాషల పిల్లల చేత ఆ కథ చెప్పించి, కథ చెప్పే నేర్పు ఏ వయసులో ఎలా పెరుగుతుందో పరిశోధకులు లెక్కలు తీశారు. మా తీరంలో కొన్ని పట్టపు (మత్స్యకార) కుటుంబాల్లో ఇంటి మాటలో తమిళం కలిసి ఉంటుంది. ఆ పిల్లలకూ ఈ పుస్తకం అడ్డం రాదు.

మనకు పుస్తకమంటే సరస్వతి. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. మంచి అలవాటే గానీ, దానివల్ల నేను ఇంటికి పంపిన పుస్తకం బీరువా పైకెక్కి కూర్చుంటుంది. రెండేళ్ళవాడు పుస్తకాన్ని కొరుకుతాడు, చించుతాడు, దాని మీద కూర్చుంటాడు. కూర్చోనివ్వండి.

కొనలేనివాళ్ళకు దారులున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. అంతకంటే నాకు నచ్చే దారి, సొంత పుస్తకం. ఫోన్‌లో ఫొటోలు తీయండి: ఒడ్డున పడవ, అవ్వ చేపల గంప, ఐసు పెట్టె, పెరట్లో మేక, కుట్టుకుంటున్న వల. జిరాక్స్ షాపులో రంగుల్లో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, వల దారంతో కట్టండి. ఆ పుస్తకంలో ప్రతి పేజీ గురించీ బిడ్డకు మనకంటే ఎక్కువ తెలుసు. అందుకే నోరు విప్పుతాడు.

పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళకు ఒక మనవి. సింహాలు, మామిడి తోపులు, ఎద్దుల బండ్లు చాలా వచ్చాయి. ఒకసారి మా ఒడ్డుకు రండి. రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ, వేట నుంచి తిరిగొచ్చిన పడవ చుట్టూ మూగే జనం, అన్నీ బొమ్మకు పనికొచ్చేవే. వల ఎలా వేస్తారో మాత్రం ముందుగా అడిగి గీయండి.

రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపని బిడ్డ మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే ఇంకో ఏడాది చూద్దాం అనుకోవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. అంగన్‌వాడీ టీచరును గానీ ఆశా కార్యకర్తను గానీ అడిగితే దారి చెబుతారు. అక్కడ పరీక్షకూ చికిత్సకూ డబ్బు కట్టనక్కర్లేదు.