మానేరు గాలికి ఎంతమంది వాటాదారులు?

నలుగురు కలిసి ఒక తెరచాప పడవను ఏడాది కిరాయికి తీసుకుంటే గిట్టుబాటవుతుందా? చాలామంది వేసే లెక్క తేలికైనది. కిరాయిని నాలుగుతో భాగిస్తారు, వాటా చూసి సంబరపడతారు. ఆ లెక్కలో ఒక లొసుగుంది. కిరాయి లక్ష రూపాయలనుకుందాం. ఒక్కడే తీసుకుని, గాలి బాగున్న ఇరవై ఆదివారాలు నడిపితే రోజుకు 5,000 పడుతుంది. నలుగురు తీసుకుంటే తలా 25,000. కానీ నలుగురికీ తీరిక దొరికేవి ఆ ఇరవై ఆదివారాలే, పడవలో పట్టేది ఒక్కరే. అప్పుడు తలా ఐదు రోజులే దక్కుతాయి. మళ్లీ రోజుకు 5,000! జేబు మీద భారం తగ్గిన మాట నిజమే, నీళ్ల మీద గడిపే పొద్దు కూడా సరిగ్గా అంతే తగ్గింది. డబ్బు పంచుకున్నంత సులువుగా గాలిని పంచుకోలేం.

కరీంనగర్‌లో ఈ చిక్కు ఇంకాస్త ముదురుతుంది. 1985లో పూర్తయిన దిగువ మానేరు డ్యామ్ పూర్తి మట్టం 920 అడుగులు, నిల్వ సుమారు 24 టీఎంసీలు. గట్టు మీద నిలబడి చూస్తే పడవలకు ఇంతకన్నా చోటేం కావాలనిపిస్తుంది. అయితే అది పొలాల కోసం కట్టిన జలాశయం. యాసంగికి కాకతీయ కాలువ నీళ్లు పట్టుకుపోతుంది, ఊరికి తాగునీరూ అక్కడిదే. అందుకే నైరుతి గాలి జోరందుకునే జూన్, జులై నెలల్లో చాలా ఏళ్లు నీళ్లు గట్టు వదిలి లోపలికి వెళ్లిపోయి ఉంటాయి, పడవ దించాలంటే బురదలో ఈడ్చాలి. డ్యామ్ నిండేసరికి గాలి జోరు తగ్గుముఖం పడుతుంది. రెండూ కలిసొచ్చేది ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరుల్లోనే. హుస్సేన్‌సాగర్‌లో నీటి మట్టం ఏడాది పొడవునా పెద్దగా మారదు కాబట్టి అక్కడ జులై గాలికే పోటీలు పెట్టుకుంటారు. మనం పన్నెండు నెలల కిరాయి కట్టి రెండు నెలల గాలిని కొనుక్కుంటున్నామన్నమాట.

వరి కోత యంత్రం సంగతి మన రైతులకు చెప్పనక్కర్లేదు. ఊరంతటి వరీ ఒకే వారంలో కోతకొస్తుంది కాబట్టి పక్కపక్క మళ్ల వాళ్లు కలిసి ఒక యంత్రం కొంటే, కావాల్సిన రోజున అందరికీ కావాలి, మిగతా రోజుల్లో ఎవరికీ అక్కర్లేదు. అందుకే ఆ యంత్రాలు పంట పండే వరుసలో జిల్లాలు దాటి తిరుగుతాయి. పడవ వాటాకూ ఇదే సూత్రం. ఒకే ఆఫీసులో పనిచేసే నలుగురు స్నేహితులు మంచి జట్టే కావచ్చు, మంచి వాటాదారులు మాత్రం కారు. ఆదివారం తీరికుండే ఉద్యోగి, మధ్యాహ్నం ఖాళీ అయ్యే టీచరు, వారం మధ్యలో కొట్టు మూసే వ్యాపారి, సెలవుల్లో వచ్చే విద్యార్థి కలిస్తే ఆ పడవ ఇరవై రోజులకు బదులు అరవై రోజులు నీళ్లలో ఉంటుంది. రోజు ఖర్చు మూడో వంతుకు దిగుతుంది.

రోజును పంచుకునే దారి ఇంకొకటుంది. మానేరు లాంటి చోట పనికొచ్చేది లేజర్ రకం పడవ. పొడవు 4.23 మీటర్లు, ఒక్కరే నడిపేది. పాదాలు పట్టీ కింద దూర్చి, ఒళ్లంతా బయటికి వాల్చి బరువు ఆపాలి. కొత్తవాళ్లకు గంట గడిచేసరికి తొడలు వణుకుతాయి. కాబట్టి ఒక సాయంత్రం ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది. పైగా ఒడ్డున ఇంకో మనిషి ఉండటం ఎలాగూ అవసరమే. పడవ బోర్లాపడితే చూడటానికి, బయటికి లాగేటప్పుడు రెండో వైపు పట్టడానికి.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. అందరిదీ అయిన పడవను ఎవరు చూసుకుంటారని అడిగితే అది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. పడవ వెనక నీళ్లు పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది, దానికి బిరడా బిగించాలి. ఒకరు బిగించడం మరిచిపోతే తరువాతి మనిషి నీళ్లు నిండుతున్న పడవలో కూర్చుంటాడు. తెరచాపను విప్పకుండా ఎండకూ గాలికీ వదిలేస్తే గుడ్డ చివికిపోతుంది. వీటికి స్నేహం మందు కాదు, ఒక నోటుపుస్తకం మందు. ఎవరు, ఎప్పుడు దించారు, ఏం విరిగింది, తెర చుట్టి లోపల పెట్టారా అన్నది రాసి సంతకం చేయాలి. అరుగుదల ఖర్చు అందరిదీ, విరగ్గొట్టిన ఖర్చు విరగ్గొట్టిన వారిదీ అని డబ్బు కట్టే ముందే తేల్చుకోవాలి.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా కదా అనేవాళ్లకు హైదరాబాదు జవాబు చెప్పింది. 2009లో సుహేమ్ షేక్ మొదలుపెట్టిన యాచ్ క్లబ్‌లో పేదింటి పిల్లలు క్లబ్బు పడవల మీదే నేర్చుకున్నారు. అక్కడి నుంచి వచ్చిన ప్రీతి కొంగర హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్ దాకా వెళ్లింది. క్లబ్బు అంటే వాటానే కదా, కాకపోతే పెద్దది, పద్ధతి ఉన్నది. అలాంటి క్లబ్బు పక్కనే ఉన్నవాళ్లకు సొంత లీజు అనవసరం. నేర్చుకునే దశలో ఉన్నవాళ్లు ముందు అక్కడ కొన్నాళ్లు గడిపి, పదే పదే వెళ్లాలనిపిస్తేనే కిరాయి ఆలోచన చేయాలి.

మానేరు మీదైతే నా సలహా వేరు. నీటిపారుదల శాఖ అనుమతి తీసుకోవాలి, ఆ తర్వాత మత్స్యకారుల సొసైటీని కలవాలి. జలాశయంలో పరిచిన వలలు ఎక్కడున్నాయో వాళ్లకే తెలుసు, పడవ కింద దిగే పలక ఒక్క వలకు తగులుకుంటే ఒకరి పొట్ట మీద కొట్టినట్టే. ఆపదొస్తే ముందు చేరగలిగే పడవ కూడా వాళ్లదే. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదాన్ని మరిచిపోకూడదు. కాపలా పడవకు కూలి, లైఫ్ జాకెట్లు, బీమా ఒక్కరు మోయలేని ఖర్చులు, నలుగురు పంచుకుంటే భారమనిపించవు. వాటా నిజంగా గిట్టేది ఇక్కడే. అందుకని ఏడాది లీజు వద్దు, ఆగస్టు, సెప్టెంబరు నెలలకే మాట్లాడుకోండి. నలుగురి తీరిక వేళలూ కాగితం మీద పక్కపక్కన రాసి చూడండి. అవి వేరువేరుగా ఉంటే సంతకం పెట్టండి, ఒక్కటే అయితే ఆ డబ్బు మిగుల్చుకోండి.