ఒకట్ల స్థానంలో పనితనం

2024 అక్టోబరులో ఒక కొత్త ప్రధాన సంఖ్యను ప్రకటించారు. 2ను 13,62,79,841వ ఘాతానికి పెంచి, అందులోంచి 1 తీసేస్తే వచ్చేది. అప్పటికి తెలిసినవాటన్నిటికన్నా పెద్దది, మొత్తం 4,10,24,320 అంకెలు. ఇంత సంఖ్యకీ చివరి అంకె ఏదో చెప్పాలంటే కంప్యూటరు అక్కర్లేదు, నోటిలెక్క చాలు.

హెచ్చవేతలో మిగులు ఎప్పుడూ ఎడమకే పోతుంది, కుడికి రాదు. అందుకని ఒకట్ల స్థానానికి పదులతో, వందలతో పనిలేదు. 2 ఘాతాల చివర వరసగా 2, 4, 8, 6 వస్తాయి. ఆరు రెళ్లు పన్నెండు, కాబట్టి మళ్లీ 2. ఉన్నవి పదే అంకెలు, ఎప్పటికైనా పాత అంకె తిరిగి తగలక తప్పదు. తగిలిందా, అక్కణ్ణుంచి పాత దారే, ఎందుకంటే 2 తర్వాత 4 తప్ప ఇంకోటి రాదు. పోటీ పరీక్షల గైడ్లు తరచూ ఎగరగొట్టేసే ఈ రెండు మాటల్లోనే నాకు అసలు పనితనం కనిపిస్తుంది.

ఇక ఘాతాంకాన్ని 4తో భాగించాలి. దానికీ చివరి రెండంకెలు చాలు, 100లో 4 నిశ్శేషంగా పోతుంది గనక. 41కి శేషం 1, అంటే చక్రంలో మొదటిదైన 2. ఒకటి తీసేస్తే 1. (శేషం సున్నా అయితే నాలుగోదైన 6.)

ఈ చక్రమే ఒక పాత పొరపాటునూ పట్టిస్తుంది. క్రీ.శ. 100 ప్రాంతపు గ్రీకు గణితవేత్త నికోమాకస్‌కు నాలుగు పరిపూర్ణ సంఖ్యలు తెలుసు: 6, 28, 496, 8128. తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చే సంఖ్యలివి. చివర 6, 8, 6, 8. ఎప్పటికీ ఇలాగే వంతులవారీగా వస్తాయన్నాడు. ఐదోది 33550336, బాగానే ఉంది. ఆరోది 8589869056. మళ్లీ 6!

2ⁿ−1 ప్రధాన సంఖ్య అయితే, దాన్ని 2ⁿ⁻¹తో హెచ్చవేస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుందన్నది యూక్లిడ్ సూత్రం. దాని ప్రకారం ఐదోది 2¹², 2¹³−1ల లబ్ధం. ఆరోది 2¹⁶, 2¹⁷−1లది. 13కీ 17కీ 4తో భాగిస్తే శేషం 1. కాబట్టి రెండు చోట్లా ఒక సంఖ్య చివర 6, రెండోదాని చివర 1, లబ్ధం చివర 6. శేషం 3 అయితే 4, 7. నాలుగేళ్లు ఇరవై ఎనిమిది, చివర 8. మొదటిదైన 6ను పక్కనపెడితే, నికోమాకస్ చేతిలో ఉన్న ఘాతాంకాలు 3, 5, 7లకు శేషాలు 3, 1, 3 అని పడ్డాయి, అంతే. ప్రధాన సంఖ్యలకు అలా వంతులు పాటించే నియమమేమీ లేదు. 17 తర్వాత పనికొచ్చే ఘాతాంకాలు 19, 31. రెంటికీ శేషం 3, రెండు పరిపూర్ణ సంఖ్యల చివరా 8.