తెల్లగా ఉంటే చాలదు

‘చెరువు దగ్గర తెల్లపిట్ట ఒకటి కనిపించింది, ఏమిటది?’ నా ఫోనుకు వచ్చే ప్రశ్నల్లో చాలా వరకు ఈ తీరే. పిట్టను చూడగానే అందరి కళ్ళూ రంగు మీదికే పోతాయి. నేను మాత్రం ముందు ఎంత ఉందని అడుగుతాను. పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? 1941లో మొదటిసారి అచ్చయిన సలీం అలీ పక్షుల పుస్తకంలోనూ కొలత ఇలాగే ఉంటుంది. అంగుళాల లెక్క ఎవరికి గుర్తుంటుంది!

రంగును నమ్ముకుంటే ఏమవుతుందో తెలియాలంటే దమ్ము చేస్తున్న పొలం గట్టున నిలబడాలి. అక్కడ వాలే కొంగలన్నీ దూరానికి ఒక్కటే తెలుపు. నిదానించి చూస్తే నాలుగు రకాలు తేలతాయి. ట్రాక్టరు వెంటా గేదెల కాళ్ళ మధ్యా తిరుగుతూ పురుగులేరుకునేది పొట్టిది, ముక్కు పసుపు. గూళ్ళు కట్టే రోజుల్లో దాని తల, మెడ నారింజ రంగుకు తిరుగుతాయి. ముక్కూ కాళ్ళూ నల్లగా ఉండి పాదాలు మాత్రం పసుపైతే అది చిన్న తెల్లకొంగ. ఆ పాదంతోనే బురద కెలికి చేపపిల్లల్ని బెదరగొడుతుంది కాబట్టి, ఎగిరేదాకా పసుపు మనకు కనిపించదు. (ఎగరడానికని రాయి విసిరేవాళ్ళున్నారు. వాళ్ళతో కలిసి నేను పొలానికి వెళ్ళను.)

చిక్కంతా మిగిలిన రెండింటితోనే. రెండింటికీ నల్లకాళ్ళు, మామూలు రోజుల్లో పసుపు ముక్కు. పెద్దకొంగ బాగా పొడుగే గాని, పక్కన ఇంకొకటి లేకపోతే ఆ పొడుగు దేనితో పోల్చుకుంటాం? దాని మెడలో కొట్టొచ్చినట్టుండే మెలిక కూడా మెడ సాచినప్పుడు అంతగా తెలియదు. పైగా గుడ్లు పెట్టే కాలానికి ముక్కు నల్లబడి కూర్చుంటుంది. అందుకే నేను నోటి చీలికను చూస్తాను. ముక్కు మొదట్లోంచి వెనక్కి సాగే ఆ సన్నని గీత మధ్యరకం కొంగకు కంటి కిందే ఆగిపోతుంది, పెద్దకొంగకు కన్ను దాటి పోతుంది. ఏ కాలంలోనైనా అంతే.

ఇప్పుడు ఫొటో చూపిస్తే పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి. మంచివే, నేనూ వాడతాను. అయితే మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన ఫొటోలో కొంగ సున్నపు మరకలా పడితే యాప్ మాత్రం ఏం చేస్తుంది? ఫొటోలు పంపేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, పిట్ట పక్కకు తిరిగేదాకా ఆగండి. ముక్కూ కన్నూ ఒకే ఫొటోలో పడాలి. కాళ్ళు కూడా పడితే ఇంకా మేలు.